పక్కింటి అమ్మకు పెట్టిన ముద్ద

ఒకరు నోట పెట్టుకున్న గొట్టాన్ని ఇంకొకరు నోట పెట్టుకోవడం నేను మొదటిసారి చూసింది ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్ ఊళ్ళో, మా పక్కింటి వంటగదిలో. ఎండిన సొరబుర్రలాంటి చిన్న పాత్ర, దాన్నిండా టీ లాంటి ఆకుపచ్చటి ఆకుపొడి, పైన వేడినీళ్ళు, అందులో దిగేసిన ఒక లోహపు గొట్టం. ఆ ఇంటి అమ్మాయి ముందు తను పీల్చింది. మళ్ళీ నీళ్ళు పోసి, గొట్టం కొసను నిమ్మతొక్కతో ఒకసారి రుద్ది, నవ్వుతూ నా చేతికిచ్చింది.

ఎంగిలి అన్న మాటను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు ఆరోజు తెలియదు. ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునేవాళ్ళం. "స్వామీ, ఈ పిల్ల మనసు చూడు, నా నోరు చూడకు" అని లోపల దణ్ణం పెట్టుకుని పీల్చాను. చేదు. వేపాకు కషాయమే నయం.

"బాగుందా?" అంది.

"మా ఊళ్ళో జ్వరమొస్తే ఇస్తారు ఇలాంటిది," అన్నాను.

"మా ఊళ్ళో చుట్టాలొస్తే ఇస్తాం. నిమ్మతొక్క రాశాను కదా అక్కా, ఇంక నీకేం కాదు."

అక్కా అన్న పిలుపు నేను నేర్పిందే. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులో. ఇద్దరికీ అది అంతంత మాత్రమే కాబట్టి గొప్ప మాటలు దొరికేవి కావు, ఉన్న మాటలతోనే చెప్పుకునేవాళ్ళం. ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

అవి ఐర్లండ్‌కు కొత్తగా కలిమి వచ్చిన రోజులు. ఏ దిక్కు చూసినా క్రేన్లు. పెరట్లో గడ్డి మొలవకముందే ఇళ్ళలో జనం దిగిపోయేవాళ్ళు. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చు. మావారు, ఆ అమ్మాయి భర్త ఊరి చివర కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీర్లు. ఒకే షిఫ్టు, ఒకే కారు. పొద్దున్నే వాళ్ళు వెళ్ళిపోతే మిగిలేది మేమిద్దరం, మా ఇంటికి ఇంకో పక్కన ఒంటరిగా ఉండే ఐరిష్ పెద్దావిడ. మాకప్పటికి పిల్లలు లేరు. ఆ అమ్మాయికి ఐదో నెల.

వాళ్ళది లెబనాన్‌లో కొండమీది ఊరు. ముస్లిములేమో, కాకపోతే క్రైస్తవులేమో అనుకున్నాను. రెండూ కాదు, డ్రూజులం అంది. ఆ మాట నేను అంతకు ముందు విననే లేదు. తెలియనిదాన్ని తెలుసన్నట్టు తల ఊపడం మా నాన్న నాకు నేర్పలేదు. అందుకని అడిగాను.

మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. నా ఏడేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. పదో రోజున పెరటి గోడమీద ముద్ద పెట్టి అందరూ నిలబడ్డారు. కాకి రాలేదు. వచ్చినా ముట్టలేదు. పొద్దు వాలుతోంది, ఎవరూ భోంచెయ్యలేదు. పిండివంటలు చేస్తామన్నారు, గోదావరిలో స్నానం చేస్తామన్నారు, కాకి పక్క గోడమీంచి దిగలేదు. అప్పుడు మా నాన్న నన్ను ముందుకు లాగి, "దీన్ని ఎవరింటికీ పంపను. నా దగ్గరే ఉంచుకుని నేనే చదువు చెబుతాను. సరేనా?" అన్నాడు గోడకేసి చూస్తూ. కాకి దిగి తినేసింది. ఇది నేను కళ్ళారా చూసింది. ఆ మాటకు కట్టుబడి ఆయన నన్ను బడికి కూడా పంపలేదు. మాట ఇచ్చింది ఎవరింటికీ పంపనని కదా, బడి ఎవరిల్లని మేనత్త దెప్పేది. "నేను అన్నది అన్నదే," అనేవాడు. తెలుగు, లెక్కలు, పద్యాలు, కొంచెం సంస్కృతం, అన్నీ అరుగుమీదే. ఇంగ్లీషు మాత్రం ఐర్లండ్ వచ్చాక రేడియో వింటూ, బస్సులో ముసలమ్మల కబుర్లు వింటూ నేర్చుకున్నాను. దేవుడు నన్ను ఏ గురువుకు ఎప్పుడు అప్పజెప్పాలో చూసుకుని అప్పజెప్పాడు. దానికి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు.

ఆ వరసలో ఈ పిల్ల కూడా నాకు గురువే. ఆ చలికాలమంతా ఆ చేదు కషాయం తాగుతూ ఆమె చెప్పిందంతా విన్నాను.

వెయ్యేళ్ళ కిందట ఈజిప్టులో, కైరో నగరంలో మొదలైందట వాళ్ళ మార్గం. ఆ కాలపు ఖలీఫా నీడలో కొందరు పెద్దలు, దేవుడు ఒక్కడే, ఆ ఒక్కదనాన్ని మాటల్లో పెట్టడం కుదరదు, మనసుతో తెలుసుకోవాలి అని బోధించారు. ఆ ఖలీఫా ఒక రాత్రి ఊరి బయటి కొండలవైపు వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. ఆయనను నమ్మినవాళ్ళను తరిమి తరిమి కొట్టారు. చాలామంది లెబనాన్, సిరియా కొండలెక్కి దాక్కున్నారు. ఇరవై ముప్ఫై ఏళ్ళ పాటు పిలుపు వినిపించి, రావలసినవాళ్ళు వచ్చాక తలుపు మూసేశారట. ఆ తర్వాత ఎవరూ కొత్తగా చేరడానికి లేదు.

"అంటే నేను డ్రూజునవుదామన్నా కుదరదా?" అన్నాను.

"నువ్వు అవ్వాలన్నా కుదరదు, నేను మానాలన్నా కుదరదు."

"మరి ఆ పేరెందుకొచ్చింది?"

ఆమె మొహం ముడుచుకుంది. "మొదట్లో ఒకడు దారి తప్పి తప్పుడు బోధ చేశాడు. మా పెద్దలు వాణ్ణి వెలివేశారు. లోకం మాత్రం వాడి పేరే మాకు తగిలించింది. మమ్మల్ని మేం ఆ పేరుతో పిలుచుకోం. ఒక్కడే దేవుడనే వాళ్ళం, అంతే. మీ వీధిలో దొంగ పేరు పెట్టి వీధినంతా పిలిస్తే ఎలా ఉంటుంది చెప్పు?"

వాళ్ళలో రెండు తరగతులున్నాయి. పవిత్ర గ్రంథం చదివే అర్హత పొందిన జ్ఞానులు, ఇంకా పొందని మిగతావాళ్ళు. ఆడవాళ్ళు కూడా జ్ఞానులు కావచ్చు. అది విని నాకు చాలా సంతోషమేసింది. వాళ్ళమ్మ అలా అయిన మనిషే. తెల్లటి ముసుగు కప్పుకుంటుంది, అబద్ధం ఆడదు, అబద్ధమాడిన మనిషి ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగదు. ప్రతి గురువారం సాయంత్రం ఊళ్ళో ప్రార్థన ఇంటికి వెళ్తుంది. ఆ ఇంటికి గోపురమూ లేదు, గంటా లేదు, లోపల చాపలు తప్ప ఏమీ ఉండవట. ఈ పిల్ల మాత్రం జీన్సు ప్యాంటు, పొట్టి జుట్టు, ఇంకా చదవని తరగతి. "మా పుస్తకంలో ఏముందో నాకూ తెలియదు అక్కా. మా అమ్మకు తెలుసు. నేను అడగను. ఆమె చెప్పదు," అంది, అదేదో ఇద్దరి మధ్య ఉన్న ప్రేమ సంగతి చెబుతున్నట్టు. అందరికీ తెలిసిన మొదటి నియమం ఒకటుందట: నిజం చెప్పడం. ప్రార్థన కంటే, ఉపవాసం కంటే ముందు అదే.

ఇంకొకటి కూడా చెప్పింది. ఒళ్ళు చొక్కా లాంటిది. ప్రాణం ఒక చొక్కా విప్పి ఇంకొకటి తొడుక్కుంటుంది.

నేను ఎగిరి గంతేశాను. "అయితే మీరూ మావాళ్ళే! పునర్జన్మ మాకూ ఉంది."

"మమ్మల్ని అందరూ మావాళ్ళే అంటారు," అంది నవ్వుతూ. "ముస్లిములంటారు, క్రైస్తవులంటారు, ఇప్పుడు నువ్వొకతెవు."

"మాకు చీమగానైనా పుట్టొచ్చు, ఏనుగుగానైనా పుట్టొచ్చు."

"అబ్బే! మనిషి మనిషిగానే. ఆడది ఆడదానిగానే. మావాళ్ళు మావాళ్ళలోనే."

ఇంకేదో తేడా ఉంటుందని నాకు తట్టలేదు. అక్కడే ఆగి అడిగి ఉంటే బాగుండేది. ఒక మాట కలిసిందంటే మిగతా మాటలన్నీ కలిసినట్టే అనుకున్నాను. మా అరుగు చదువులో నాన్న ఎప్పుడూ కోప్పడేది దీనికే. పద్యం మొదటి పాదం వినగానే మిగతాది నేనే అల్లేసేదాన్ని.

కాన్పుకు వాళ్ళమ్మ రావలసి ఉంది. వీసా వచ్చింది, టికెట్టు కొన్నారు. ఆవిడ ఏం తింటుంది, ఏం తినదు అని మేమిద్దరం ఒక కాగితం రాసి వంటగది ప్రెస్ తలుపుకు అంటించాం. ప్రెస్ అంటే ఇక్కడివాళ్ళ మాటలో అలమారా. ఇంకో మూడు వారాల్లో కాన్పు అనగా ఒక సోమవారం పొద్దున్న ఫోనొచ్చింది. ఆవిడ తోటలో ఆలివ్ చెట్టు కింద కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. జీపీ అంటే మా ఇంటి డాక్టరు, ఈ నెలలో విమానం ఎక్కకూడదని ముందే చెప్పేసింది.

నేను పరుగెత్తాను. ఆ పిల్ల సోఫాలో కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు నిమ్మళంగా ఉంది.

"అమ్మ పుట్టేసింది అక్కా," అంది.

నాకు అర్థం కాలేదు. దుఃఖంలో మాట తడబడిందనుకున్నాను.

"మాకు ప్రాణం ఒక్క క్షణం కూడా ఒంటరిగా ఉండదు. ఇక్కడ కన్ను మూసిన క్షణంలోనే ఎక్కడో కన్ను తెరుస్తుంది. అమ్మ ఈపాటికి ఎవరి ఒళ్ళోనో ఉంది. పెద్దగా ఏడవకూడదు. ఏడిస్తే దేవుడు చేసింది నచ్చలేదన్నట్టు."

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి చల్లగా ఉంది. ఆమె చెప్పింది నా చెవికెక్కింది గాని మనసుకెక్కలేదు. అప్పుడే పుట్టేయడమేమిటి? దారి లేదా, ఆకలి లేదా, విడిచి వెళ్ళలేక ఇంటి చుట్టూ తిరగడం లేదా? మా అమ్మ పొద్దు వాలేదాకా గోడమీద కూర్చోలేదా?

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, అన్నం వార్చి, నెయ్యి, నాలుగు నువ్వులు వేసి ముద్ద చేసి మా పెరటి గోడమీద పెట్టాను. కర్మ చేసే అధికారం నాకు లేదని తెలుసు. మంత్రమేమీ చెప్పలేదు. "తల్లీ, నీ కూతురు నిండు గర్భిణి, నీ దగ్గరకు రాలేకపోయింది. నేను దాని అక్కను. తిని వెళ్ళు," అన్నాను, అంతే. మా అమ్మకు నేను చెయ్యలేనిది ఈ తల్లికి చేసే భాగ్యం దొరికిందని కళ్ళు చెమర్చాయి. అది నిజం.

లీక్స్‌లిప్ కాకులకు మొహమాటం లేదు. మెడ దగ్గర బూడిదరంగు ఉండే చిన్నరకం కాకులు అవి. నేను వెనక్కి తిరిగేలోపు ముద్ద మాయం. మూడోరోజుకు ఇరవై కాకులు వరసగా గోడమీద నా కోసం చూస్తున్నాయి.

"ఏంటోయ్, వీటికి మన ఆచారం ఎవరు నేర్పారు?" అన్నారు మావారు షూ లేసులు కట్టుకుంటూ.

"నవ్వకండి. పెద్దావిడ ప్రాణం."

"నవ్వట్లేదు. ఆవిడకి అన్నం తినే అలవాటుందా? రొట్టె పెట్టకపోయావా?"

ఐరిష్ పెద్దావిడ గోడ మీంచి తల పెట్టింది. "ఈ కిల్డేర్ జిల్లా కాకులన్నీ నీ పెరట్లోనే ఉన్నాయి, లవ్. మీ చుట్టాలా ఏమిటి?"

"అలాంటివే," అన్నాను.

"గ్రాండ్, మంచిదే. మా చుట్టాలకంటే నయం. ఇవి తిని వెళ్ళిపోతాయి," అని లోపలికి వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజున నోరు జారి అసలు తప్పు చేశాను. ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని బయటకు చూస్తోంది. "కాన్పుకు అమ్మ ఉంటే బాగుండేది," అంది, నాతో కాదు, అద్దంతో. ఆ గొంతు విని నా మనసు ఆగలేదు. ఇంతటి మంచి కబురు నా దగ్గర పెట్టుకుని చెప్పకుండా ఉండడమేమిటనుకున్నాను.

"అమ్మ ఇక్కడే ఉంది," అన్నాను. "రోజూ నేను ముద్ద పెడుతున్నాను. కాకి ముడుతోంది. ఆకలితో లేదు. మా లెక్క ప్రకారం పదమూడో రోజుదాకా వెళ్ళదు. నీకు ఈలోపు నొప్పులొస్తే, ఎవరు చూశారు, నీ కడుపునే పుట్టొచ్చు."

ఆమె నా వైపు తిరిగింది. ఆ మొహంలో ముందు వచ్చింది సంతోషం. అది నేను స్పష్టంగా చూశాను. ఒక్క క్షణం. ఆ వెంటనే సంతోషపడినందుకు భయపడినట్టు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మను బయట నిలబెట్టావా అక్కా?" అంది. "ఈ చలిలో? తొమ్మిది రోజులుగా?"

"అది కాదమ్మా..."

"ఇంటికి వెళ్ళు. దయచేసి."

మర్నాడు తలుపు తియ్యలేదు. గంట కొట్టాను. లోపల మెట్లమీద అడుగుల చప్పుడు వినిపించింది, ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. నా మీద కోపంతో తిరుగుతోందనుకున్నాను.

పదకొండో రోజు సాయంత్రం ఆమె భర్త మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ జోకులు వేసే మనిషి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"సిస్టర్, మీరు ప్రేమతోనే చేశారు. నాకు తెలుసు," అన్నాడు. "కాని ఆమె తినడం లేదు, పడుకోవడం లేదు. నిన్నంతా మెట్లెక్కి దిగుతూనే ఉంది. ఎందుకని అడిగితే చెప్పదు. చివరికి చెప్పింది. పదమూడో రోజులోపు నొప్పులు రావాలట."

కుర్చీ పట్టుకున్నాను.

"ఒక పక్క అమ్మ బయట చలిలో ఉందని ఏడుస్తోంది. ఇంకో పక్క అమ్మ ఉంటే బాగుండునని కోరుకుంటోంది. అలా కోరుకున్నందుకు మళ్ళీ ఏడుస్తోంది. డాక్టరు రక్తపోటు చూసి రేపు కూడా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చమంది. వాళ్ళమ్మ జీవితమంతా ఒక నమ్మకం మీద నిలబడింది సిస్టర్. ఈమె ఇప్పుడు దాన్ని పట్టుకోలేకపోతోంది, వదల్లేకపోతోంది."

అతను వెళ్ళాక మావారే మొదలుపెట్టారు.

"ఆపెయ్యి."

"మధ్యలోనా? ఇంకా పన్నెండు, పదమూడు ఉన్నాయి. అసలు రోజులవే. ఇప్పుడు ఆపితే ఆవిడ..." ఇది చదివేవాళ్ళకు చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు మాత్రం ఒక మనిషిని సగం భోజనంలో విస్తరి ముందునుంచి లేపినట్టే. దేవుడి ముందు నిలబడినప్పుడు ఏమని చెప్పుకోను?

మావారు పూజలు చేసే మనిషి కాదు. నేను చేస్తుంటే కాదనే మనిషీ కాదు. ఆయన అడిగారు:

"ఆవిడ ఏ నమ్మకంతో బతికింది?"

"వాళ్ళదే."

"ఏ నమ్మకంతో పోయింది?"

నేను కిటికీలోంచి గోడకేసి చూశాను.

"మరి పోయాక నీ నమ్మకంలోకి ఎందుకు లాక్కొచ్చావే? ఆవిడ తలుపు మూసుకుని వెళ్ళిపోతే నువ్వు వెనకనుంచి పిలిచినట్టుంది."

పన్నెండో రోజు పొద్దున్న అన్నం వండలేదు. కాకులు వచ్చి కూర్చున్నాయి. ఒకటి కిటికీ దగ్గరిదాకా వచ్చి తల వంచి లోపలికి చూసింది. నేను పొయ్యి దగ్గర నిలబడి, చేతులు ఏం చెయ్యాలో తెలియక కొంగుకు తుడుచుకున్నవే తుడుచుకున్నాను. దేవుడి పటం ముందు కూర్చుని, "నాకు తెలియని చోట చెయ్యి పెట్టాను. ఆ తల్లిని ఆమె దారిన నీకే వదిలేస్తున్నాను. పాపముంటే నా మీద వెయ్యి, ఆ పిల్లమీద వెయ్యకు," అన్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన నా దగ్గర లేదు.

పక్కింటికి వెళ్ళి గంట కొట్టాను. తియ్యలేదు. ఇక్కడి తలుపులకు ఉత్తరాలు వెయ్యడానికి సన్నని సందు ఉంటుంది. మోకాళ్ళమీద కూర్చుని ఆ సందు రేకు ఎత్తి మాట్లాడాను. వీధిలో వెళ్ళేవాళ్ళు ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి.

"అమ్మాయ్, ఆపేశాను. ఈరోజు పెట్టలేదు. రేపూ పెట్టను. మీ అమ్మ మా గోడ దగ్గర లేదు."

లోపల అడుగుల చప్పుడు ఆగింది. తలుపుకు దగ్గరగా గొంతు వినిపించింది.

"నువ్వు ఆ మాట నమ్ముతున్నావా?"

నమ్ముతున్నానని చెప్పేస్తే అయిపోయేది. నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల నిమ్మళపడుతుంది, తింటుంది, పడుకుంటుంది. కాని నిజం చెప్పడమే మొదటి నియమమన్న మనిషితో, ఆమె తల్లి గురించి, ఆ తల్లి పోయిన పన్నెండో రోజున అబద్ధమెలా ఆడను?

"లేదు," అన్నాను. "నాకు ఇంకా ఆవిడ ఆకలితో ఉందనే అనిపిస్తోంది. నేను పుట్టి పెరిగింది అలా. పొద్దుటినుంచీ నేనూ తినలేదు. అయినా ఆపాను. ఆమె మీ అమ్మ. ఆమె ఎక్కడుందో ఆమెకు తెలుసు. నా లెక్క ఆమెకు వర్తించదు."

గొళ్ళెం తీసిన చప్పుడైంది. నేను ఇంకా మోకాళ్ళమీదే ఉన్నాను. నిండు కడుపుతో ఆ పిల్ల వంగలేక వంగలేక నా భుజం పట్టుకుని లేపబోయింది. చివరికి ఇద్దరం గడపలోనే కూర్చుండిపోయాం. అప్పుడు ఏడ్చింది. ఆ పన్నెండు రోజుల ఏడుపంతా.

"నమ్ముతున్నానని చెప్పి ఉంటే నీ మొహం మళ్ళీ చూసేదాన్ని కాదు," అంది చాలాసేపటికి.

"నాకు తెలుసు."

"నీ ఒక్కదానిదే తప్పు కాదు అక్కా. నువ్వు చెప్పగానే నాకు ఆశ పుట్టింది. అమ్మ ఎక్కడో హాయిగా పాలు తాగుతుంటే, నేను కొంగు పట్టుకుని లాగాను, నా దగ్గరకు రమ్మని. మెట్లెక్కి దిగి, నా బిడ్డను తొందరపెట్టాను." ముక్కు తుడుచుకుంది. "పన్నెండు రోజుల పిల్ల ఎంతుంటుంది అక్కా?"

"ఇంత," అన్నాను, మోచేతిదాకా చూపించి. "మెడ నిలవదు ఇంకా. వెలుగు చూస్తే కళ్ళు చికిలిస్తుంది."

"మా అమ్మ మెడ నిలవకపోవడమేమిటి," అని ఆ ఏడుపులోనే ఒక్కసారి నవ్వేసింది. "ఊరందరికీ తీర్పులు చెప్పే మనిషి."

ఆరోజు ఇద్దరం కలిసి వాళ్ళింట్లోనే తిన్నాం. పెసరపప్పు, వాళ్ళ పలచటి రొట్టె. రెండు ముద్దలు నేనే తినిపించాను. సాయంత్రానికి పడుకుంది. మెట్ల చప్పుడు మళ్ళీ వినపడలేదు. రక్తపోటు దిగిందని రెండు రోజుల తర్వాత ఆమె భర్త మావారితో కారులో చెప్పాడట. పదమూడో రోజు ఏమీ జరగకుండా గడిచిపోయింది. ఆ రోజంతా నాకు ముద్ద మింగుడు పడలేదని మాత్రం ఒప్పుకుంటాను.

పంతొమ్మిదో రోజున డబ్లిన్‌లో ప్రసూతి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. ఆ వార్డులో ఆరు మంచాలు, ఆరు ఉయ్యాలలు. బిడ్డ నల్లటి జుట్టుతో, పిడికిళ్ళు బిగించి పడుకుని ఉంది. నాకు తెలియకుండానే ఆ మొహంలో ఎవరినో వెతుకుతున్నాను. పోయిన ఆవిడ ఫోటో అంతకుముందే వాళ్ళింట్లో చూసి ఉన్నాను. వెంటనే సిగ్గుపడి చూపు మళ్ళించుకున్నాను.

పక్క మంచం మీద డబ్లిన్ ఆవిడ తన బిడ్డకు పాలు పడుతూ మా వైపు తిరిగింది. "అచ్చం వాళ్ళ అమ్మమ్మ పోలికలా?" అంది.

నేను గబుక్కున ఆ పిల్ల మొహంకేసి చూశాను. ఆ పిల్ల మాత్రం దిండుకు ఆనుకుని నవ్వింది.

"కాదు. ఈమె ఇంకెవరి అమ్మమ్మో," అంది.

డబ్లిన్ ఆవిడ అదేదో విదేశాల జోకనుకుని ఆమె కూడా నవ్వింది.

ఆ పిల్ల బిడ్డను తీసుకుని నా చేతుల్లో పెట్టింది. "నిన్న పొద్దున్న మావాళ్ళలో ఎక్కడో ఎవరో తల్లి పోయింది అక్కా. మా కొండమీదో, సిరియాలోనో. ఆమె పిల్లలు ఇవాళ ఏడుస్తూ ఉంటారు. వాళ్ళకు తెలియదు, ఆమె నా దగ్గరుందని." ఆమె వేలితో బిడ్డ చెంప తుడిచింది. "మా అమ్మను కూడా ఇలాగే ఎవరో ఎత్తుకుని ఉంటారు కదా. ఆ ఎత్తుకున్నావిడకు తెలియదు, అది నా అమ్మని."

"వెతుక్కోరా మీరు?"

"వెతకకూడదు. ఆ పిల్ల మాటలొచ్చాక తనంతట తాను చెబితే చెబుతుంది. చెప్పకపోతే లేదు. అందుకే ప్రతి బిడ్డనూ జాగ్రత్తగా చూసుకోవాలి. ఎవరి అమ్మో తెలియదు కదా."

నేను నమ్మే లెక్క వేరు. ఇప్పటికీ అదే లెక్క. అయినా ఆ బిడ్డను పట్టుకున్నప్పుడు, ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దావిడను చెయ్యి జారకుండా గడప దాటిస్తున్నట్టు, నా చేతులు వాటంతటవే ఇంకొంచెం మెత్తబడ్డాయి. అంత మంచి మాట వినడానికి నన్ను అక్కడిదాకా నడిపించినందుకు దేవుడికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

బిడ్డ కదిలి కళ్ళు తెరిచింది. ఆమె మంచం మీంచి ముందుకు వంగి, చెవి దగ్గర తన భాషలో ఏదో మెల్లిగా చెప్పింది.

"ఏం చెప్పావు?" అన్నాను.

"నీ పిల్లలు కంగారు పడతారేమోనని నువ్వు కంగారు పడకు, క్షేమంగా చేరావు అని."